గుమ్మానికి ఒక కర్ర, తలుపుకు ఒక కర్ర: ఇల్లు కట్టేవాళ్లు కలప ఎలా ఎంచుకోవాలి

గుమ్మం ఎత్తడానికి ముహూర్తం పెట్టించుకున్నాక, ఇంకా పది రోజులే ఉందనగా కలప అడితికి పరిగెత్తడం మనలో చాలామందికి అలవాటు. నేనూ అంతే చేశాను. అడితిలో అడిగింది ఒకటే మాట: "టేకేనా?" టేకేనన్నారు. సింహద్వారం, లోపలి గుమ్మాలు, తొమ్మిది కిటికీలు అన్నీ ఆ కర్రతోనే చేయించాను. మొదటి వేసవి దాటేసరికి కిటికీ రెక్కకీ ఫ్రేముకీ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు వచ్చింది. వానలు పడ్డాక సింహద్వారం ఉబ్బి, భుజంతో నెడితే గానీ తెరుచుకునేది కాదు. మూడో ఏడు వంటింటి గుమ్మం పక్కన సన్నటి మట్టిగీత కనిపించింది. చెదలు. టేకుకు చెదలు!

వడ్రంగిని పిలిస్తే ఆయన గుమ్మం అడుగుభాగాన్ని ఉలితో కాస్త చెక్కి చూపించాడు. చెద తిన్నదంతా అంచున ఉన్న తెల్లటి చెక్క. అర అంగుళం లోపల గోధుమరంగు భాగం మొదలైంది, దాన్ని పురుగు ముట్టుకోలేదు. "కర్ర టేకే సార్. మీకు చేవ ఇవ్వలేదు, తెలుపు అంటగట్టారు. అదీ పచ్చిది," అన్నాడు. అప్పటినుంచి నా ఇంటికీ, తర్వాత మా చెల్లెలి ఇంటికీ, ఊళ్లో మరో ముగ్గురి ఇళ్లకూ కర్ర కొనడానికి అడితిల చుట్టూ తిరిగాను. గుమ్మం ఎత్తబోతున్నవాళ్లు నాలా నష్టపోకూడదని ఇది రాస్తున్నాను.

అందరూ అడిగే ప్రశ్న "ఏ కర్ర మంచిది?" అని. పనివాళ్లు అలా అడగరు. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కావాలి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు కర్ర కావాలి, బొబ్బిలి వీణకు పనస కావాలి. వాళ్ల దగ్గరికి టేకు తీసుకెళ్లి ఇచ్చినా తీసుకోరు. ఇంటి కర్ర కూడా అంతే. ఈ ముక్క ఇంట్లో ఎక్కడ నిలబడుతుంది, అక్కడ దాని పని ఏమిటి అని అడిగితే సగం తికమక అక్కడే తీరిపోతుంది.

## పేరు అడిగేముందు చూడాల్సినవి

కదిలేదా, నిలబడేదా? గుమ్మాన్ని గోడ పట్టుకుంటుంది, రోజూ కదలదు. దానికి కావలసింది బలం, చెదను తట్టుకునే గుణం. తలుపు రెక్క, కిటికీ రెక్క గాలిలో వేలాడుతూ రోజుకు ఇరవైసార్లు కదులుతాయి. ఎండకూ వానకూ వంకరపోని కర్ర వాటికి కావాలి. చాలామంది ఈ రెండింటికీ ఒకే కర్ర కొని, ఒకచోట అనవసరంగా డబ్బు పోస్తారు, లేదా ఇంకోచోట తలుపు వంకర చేసుకుంటారు.

చేవ ఎంత? చెట్టు నడిమి భాగంలో ముదిరి రంగు తేలిన కర్రే చేవ. చుట్టూ ఉండే లేత పొర తెలుపు. చెట్టు బతికి ఉండగా నీళ్లు పైకి వెళ్లేది ఆ తెలుపులోంచే, చెట్టు తిండి దాచుకునేదీ అందులోనే. ఆ పిండిపదార్థమే పురుగుకు అన్నం. చేవలో చెట్టు తనను కాపాడుకోవడానికి దాచుకున్న నూనెలు, రసాయనాలు ఉంటాయి. టేకులో ఉండే టెక్టోక్వినోన్ అలాంటిదే, చెదలకు గిట్టదు. అది చేవలోనే ఉంటుంది. కాబట్టి తెల్లగా ఉన్న టేకుకన్నా చేవ ఉన్న వేప చెదల దగ్గర ఎంతో నయం. ఏ జాతి కర్రలోనైనా తెలుపును పురుగు తింటుంది.

ఎంత ఆరింది? నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే, అడితిలో ఎవరూ మాట్లాడనిదీ ఇదే. పచ్చికర్రలో తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా కర్ర కొలత మారదు. అక్కడినుంచి ఆరుతున్నకొద్దీ కుంచించుకుపోతుంది. టేకు చాలా తక్కువ కుంచించుకునే కర్ర. అయినా ఆరంగుళాల వెడల్పున్న పచ్చి టేకు పలక 12 శాతం తేమకు వచ్చేసరికి నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గుతుంది. నా కిటికీల్లో అగ్గిపుల్ల దూరిన సందు ఇదే.

ఆరబెట్టడం ఎంత అవసరమో పూర్వం బర్మా అడవుల్లో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు. పచ్చి టేకు దుంగ నీళ్లలో తేలదు. అందుకని చెట్టు మొదట్లో చుట్టూ బెరడూ తెలుపూ తెగేలా గాటు పెట్టి, నిలబెట్టే రెండు మూడేళ్లు ఎండనిచ్చి, ఆ తర్వాత కొట్టి నదిలో తేల్చి తీసుకెళ్లేవాళ్లు. మనమేమో నిన్న సామిల్లులో కోసిన కర్రను ఇవాళ గోడలో బిగిస్తున్నాం.

నీడలో గాలికి ఆరబెడితే అంగుళం మందానికి దాదాపు ఏడాది అని వడ్రంగుల లెక్క. అంత వ్యవధి లేకపోతే సీజనింగ్ ప్లాంటులో ఆరబెట్టినది అడగాలి. తేమ కొలిచే చిన్న మీటరు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రెండు సూదులు కర్రలో గుచ్చితే శాతం చూపిస్తుంది. తలుపు రెక్కకు 12 శాతం దగ్గర ఉండాలి. గుమ్మానికి రెండు మూడు శాతం ఎక్కువైనా నడుస్తుంది.

మీటరు లేనివాళ్లకు ఇంకో దారి ఉంది, తూకం. ఒక సీఎఫ్‌టీ, అంటే ఒక ఘనపుటడుగు ఆరిన టేకు 18 నుంచి 19 కిలోలు తూగుతుంది. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం, నాలుగు ముక్కలూ కలిపి 21 అడుగుల పొడవున్న గుమ్మం కర్ర అనుకుందాం. 5ను 3తో, 21తో గుణించి 144తో భాగిస్తే 2.19 సీఎఫ్‌టీ. అది ఆరిన టేకైతే దాదాపు 40 కిలోలు ఉండాలి. కాటా మీద 55 చూపిస్తే ఆ పదిహేను కిలోలూ నీళ్లే.

చెద, తడి, కాగితాలు. నల్లరేగడి నేలా, పక్కన పాత పుట్ట ఉందా, గోడకు తేమ ఎక్కుతోందా చూసుకోవాలి. కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. అడవి నుంచి దొంగతనంగా వచ్చిన టేకు చవకగా దొరుకుతుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆ కర్రతో కట్టిన గుమ్మం దాటి మనం పూజకు వెళ్లాలి, ఆ అడవి మన పిల్లలదే. బిల్లూ, రవాణా పర్మిట్టూ లేని కర్ర ఎంత మంచిదైనా నేను ముట్టుకోను. పట్టుబడితే కర్రా పోతుంది, కేసూ మిగులుతుంది.

## ఒక చూపులో

బరువు ఆరిన కర్రకు, ఘనమీటరుకు కిలోల్లో, సుమారుగా ఇచ్చాను.

| కర్ర | బరువు | వంకరపోవడం | చేవకు చెద | పనితనం | ఎక్కడ వాడాలి |
|---|---|---|---|---|---|
| టేకు | 600–700 | చాలా తక్కువ | బాగా తట్టుకుంటుంది | సులువు, పాలిష్ బాగా పడుతుంది | సింహద్వారం రెక్క, కిటికీ రెక్కలు |
| వేగిస | 800 | తక్కువ | బాగా తట్టుకుంటుంది | కొంచెం కష్టం | గుమ్మాలు, కిటికీ ఫ్రేములు |
| నల్లమద్ది | 850 | ఎక్కువ, పగుళ్లు వస్తాయి | ఫరవాలేదు | కష్టం | ఆరితే గుమ్మాలు, దూలాలు |
| వేప | 700 | మధ్యస్థం, మెలి తిరుగుతుంది | బాగా తట్టుకుంటుంది | చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి | లోపలి గుమ్మాలు, మంచాలు |
| నల్లతుమ్మ | 800 పైన | మధ్యస్థం | తెలుపు త్వరగా పుచ్చుతుంది | చాలా గట్టి | గడప, పశువుల కొట్టం, పనిముట్లు |
| మలేషియా సాల్ | రకాన్ని బట్టి, బరువే | ఎక్కువ | రకాన్ని బట్టి | కష్టం | చవక గుమ్మాలు |

## టేకు: దేనికి పేరొచ్చింది, ఏది కొనాలి

టేకు మన కర్రల్లో అన్నిటికన్నా బలమైనదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ కర్రల గుణాలను పోల్చేటప్పుడు టేకును 100గా పెట్టుకుని మిగతావాటికి అంకెలు ఇస్తుంది. గట్టిదనంలో మన దేశపు సాల్, నల్లమద్ది లాంటివి ఆ నూరును సులువుగా దాటేస్తాయి. కోసిన ఆకారంలోనే నిలబడే గుణం దగ్గరికి వచ్చేసరికి ఎక్కువ కర్రలు నూరుకు చాలా కిందే ఆగిపోతాయి. టేకు గొప్పతనం అక్కడ ఉంది. అది తక్కువ బరువు, వంకరపోదు, నూనె ఉంటుంది, చేవను చెద తినదు. ఇవన్నీ ఒకే చెట్టులో కుదరడం అరుదు. అందుకే ఓడలు కట్టారు. మయన్మార్‌లోని అమరపుర దగ్గర 1850 ప్రాంతంలో టేకు స్తంభాల మీద కట్టిన ఊ బేన్ వంతెన, 1.2 కిలోమీటర్ల పొడవున చెరువు నీళ్లలో ఇప్పటికీ నిలబడి ఉంది.

అడితిలో "టేకు" అనే ఒక్క పేరు కింద నాలుగైదు రకాలు ఉంటాయి.

బర్మా టేకు అందరికన్నా ఖరీదు. ఒకప్పుడు కోస్తా నుంచి వేలమంది తెలుగువాళ్లు రంగూన్ వెళ్లి బతికారు, వాళ్లను అక్కడ కోరంగీలని పిలిచేవారు. మన పాత ఇళ్లలో ఈ పేరుకు అంత గౌరవం ఉండటం వెనక ఆ రాకపోకలున్నాయి. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు ఎవరైనా మీకు బర్మా దుంగ చూపించి ఇక్కడే కోసి ఇస్తామంటే, అది ఎప్పుడు, ఏ కాగితం మీద వచ్చిందో అడగండి.

సీపీ టేకు అంటే పాత సెంట్రల్ ప్రావిన్సుల టేకు. నాగపూర్ టేకు, బల్లార్షా టేకు అన్నా దాదాపు ఇదే. అయోధ్య రామమందిరం తలుపులకు చంద్రాపూర్ ప్రాంతపు టేకే వాడారు, ఆ తలుపులు చేసింది హైదరాబాద్ కంపెనీ. నిదానంగా పెరిగిన అడవి చెట్టు, సన్నటి దగ్గర దగ్గర వలయాలు, ముదురు గీతలు. ప్రభుత్వ డిపోల వేలంలో వచ్చినదైతే కాగితాలూ సరిగ్గా ఉంటాయి. సింహద్వారానికి డబ్బు పెట్టగలిగినవాళ్లకు నేను చెప్పేది ఇదే. మన ఆదిలాబాద్ వైపు అడవి టేకు కూడా ఇదే కోవలోది, డిపోలో వేలం పాడినదైతే నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఘనా, ఐవరీ కోస్ట్, టాంజానియా, ఈక్వెడార్, కోస్టారికా లాంటి దేశాల నుంచి వచ్చేది తోటల టేకు. జాతి అదే, మన దేశం, బర్మా వైపు నుంచి వెళ్లిన చెట్టు. ఎక్కువగా పదిహేను నుంచి పాతికేళ్ల వయసులోనే కొట్టేస్తారు కాబట్టి దుంగ సన్నం, తెలుపు వాటా ఎక్కువ. చేవ ఏరి తీసుకుంటే ఇది మంచి కర్రే, మధ్యతరగతి ఇళ్లకు సరిపోతుంది. ఒక జాగ్రత్త: "ఆఫ్రికా టేకు" అని ఇరోకో అనే వేరే చెట్టు కర్రనూ అమ్ముతారు. అదీ పనికొచ్చే కర్రే, కానీ టేకు ధరకు కొనక్కర్లేదు. ముక్క వాసన చూడండి. కొత్తగా చెక్కిన టేకు తోలువాసన వేస్తుంది, వేళ్లకు మైనంలా జిడ్డు తగులుతుంది.

ఇక పొలం గట్టు మీద వేసుకున్న టేకు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది రైతులు పాతికేళ్ల కిందట మొక్కలు పెట్టుకుని ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నారు. సొంత చెట్టు కర్రతో సొంత గుమ్మం అంటే ఆ తృప్తే వేరు. చెట్టు చుట్టుకొలత నాలుగడుగులు, దుంగ పొడవు పదడుగులు అనుకుంటే, అడితి లెక్కలో చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 10 సీఎఫ్‌టీ వస్తుంది. దుంగ అసలు ఘనపరిమాణం 12.7 దాకా ఉంటుంది. తేడాను కోతలో పోయే పెళ్లలకూ పొట్టుకూ వదిలేస్తారు, ఇది పాత ఆచారం. అయినా తెలుపు తీసేశాక గుమ్మానికి పనికొచ్చేది మీరనుకున్నదానికన్నా బాగా తక్కువే మిగులుతుంది. ముందే మనసులో పెట్టుకోండి.

## వేగిస: ఎందుకు మరిచిపోయామో

వేగి, వేగిస, పెద్దేగి అని ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరు. ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. బంగారు గోధుమ రంగు, ముదురు చారలు, టేకుకన్నా గట్టి. వంకరపోవడం తక్కువ, చేవకు చెద భయం లేదు. గుమ్మాలకు దీనికన్నా మంచి కర్ర మన అడవుల్లో తక్కువ. నన్ను ఒక్క కర్రే ఎంచుకోమంటే, గుమ్మాల వరకు టేకును పక్కనపెట్టి దీన్నే తీసుకుంటాను.

దీనికి ఒక గమ్మత్తైన గుర్తు ఉంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి రెండు చిన్న వేగిస చెక్కలు వేసి ఎండలో పెట్టండి. కాసేపటికి నీళ్లు తేనెరంగుకు తిరుగుతాయి, అంచున నీలిరంగు మెరుపు కనిపిస్తుంది. ఈ కర్రతో చేసిన గ్లాసుల్లో రాత్రి నీళ్లు పోసి పొద్దున్నే షుగరున్నవాళ్లు తాగుతుంటారు. వైద్యం సంగతి డాక్టరును అడగాలి, కర్రను గుర్తుపట్టడానికి మాత్రం ఇది మంచి పరీక్ష. రంగు వదిలే ఈ గుణమే గోడ దగ్గర ఇబ్బంది. తడి తగిలితే పక్కనున్న సున్నానికి పసుపు మరక పడుతుంది. బాగా ఆరినది తీసుకుని, గోడకు తగిలే వైపు తారు గానీ ప్రైమర్ గానీ పూసి బిగించాలి. ఇంకో చిక్కేమిటంటే అడవుల్లో చెట్లు తగ్గిపోయాయి. కాగితాలున్న వేగిస దొరికితే వదలొద్దు, కాగితాల్లేకపోతే వద్దు.

## నల్లమద్ది: బలం ఉంది, ఓపిక కావాలి

2024లో పాపికొండల అడవిలో అటవీ అధికారులు ఒక నల్లమద్ది చెట్టుకు గాటు పెడితే నీళ్లు పంపు తిప్పినట్టు చిమ్మిన వీడియో గుర్తుందా? మొసలి చర్మంలా పగిలిన బెరడున్న ఆ చెట్టు ఎండాకాలం కోసం నీళ్లు దాచుకుంటుందని కొండరెడ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఆ వీడియో చూసినప్పుడు నాకు గుమ్మాలే గుర్తొచ్చాయి. అంత నీళ్లు దాచుకునే చెట్టు కర్ర ఎంత నిదానంగా ఆరాలి!

మద్దితో వచ్చే గొడవలన్నీ అక్కడివే. తొందరగా ఎండలో పెడితే పైపొర ఆరి, లోపల పచ్చిగా ఉండి, చివర్ల నుంచి నెర్రెలు కొడుతుంది. నీడలో, చివర్లకు పాత రంగో మైనమో పూసి, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి ఏడాదిన్నర రెండేళ్లు ఉంచితే, ఆ గుమ్మం మీ మనవల కాలందాకా నిలుస్తుంది. ముదురు గోధుమరంగులో నల్లటి గీతలతో పాలిష్ పడితే చాలా అందంగా ఉంటుంది. ఒక సీఎఫ్‌టీ 24 కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతో రెక్క చేస్తే బందులు వాలిపోతాయి, రెక్కకు వద్దు. స్క్రూ వేసేముందు డ్రిల్లుతో దారి చేసుకోకపోతే స్క్రూ తల ఊడొస్తుంది.

కట్టడం మొదలుకాకముందే ఏడాది ముందు కర్ర కొని పెట్టుకోగలిగినవాళ్లకు మద్ది డబ్బుకు తగ్గ బేరం. పది రోజుల్లో ముహూర్తం ఉన్నవాళ్లకు కాదు.

## వేప

మా అమ్మమ్మ ఇంటి గుమ్మాలు వేపవి. రంగు లేదు, పాలిష్ లేదు, ఏటా ఉగాదికి పసుపు రాసి బొట్లు పెట్టడమే. గడప నడిమిలో మెట్టినచోట అరిగి గిన్నెలా అయ్యింది గానీ పుచ్చలేదు. పేదింటి టేకు అని ఊళ్లో అంటుంటే విన్నాను, ఆ మాట తగినదే. చేవ ఎర్రగా ఉంటుంది, చేదు వల్ల చెద దూరంగా ఉంటుంది, ఊరి దగ్గర్లోనే దొరుకుతుంది.

లోపం ఏమిటంటే పోగు అటూఇటూ మెలిపడి ఉంటుంది. చిత్రిక ఒకవైపు నున్నగా పోతుంది, అదే పలక మీద జానెడు దాటగానే పెచ్చులు లేపుతుంది. వెడల్పు పలకలు మెలితిరుగుతాయి. కాబట్టి వేపను గుమ్మానికి, మంచం కోళ్లకు, బీరువా ఫ్రేముకు వాడి, తలుపు పలకకు వాడకపోవడం మంచిది. ఇంకో మాట. 2021 నుంచి తెలంగాణలో వేపచెట్లకు కొమ్మలు ఎండిపోయే తెగులు బాగా కనిపించింది. ఎండి ఏడాది రెండేళ్లు నిలబడి ఉన్న చెట్టు కర్రలో పురుగు చేరి ఉంటుంది, చెక్క కోసి చూశాకే బేరమాడండి.

## తుమ్మ, సాల్, ఇంకొన్ని

నల్లతుమ్మ బండి చక్రాలకూ నాగలికీ పుట్టిన కర్ర, దెబ్బకు తట్టుకోవడంలో దాన్ని మించినవి తక్కువ. తెలుపు మాత్రం నెలల్లోనే పుచ్చుతుంది. మన పెద్దలు దుంగను చెరువులో ముంచి కొన్ని నెలలు ఉంచేవారు. నీళ్లకు తెలుపులోని పిండి కరిగిపోయి పురుగుకు తిండి లేకుండా పోతుంది, అందులో శాస్త్రం ఉంది. గడపకూ, కొట్టం తలుపుకూ బ్రహ్మాండంగా పనికొస్తుంది.

మలేషియా సాల్ అనేది ఒకే చెట్టు పేరు కాదు. ఆ బోర్డు కింద రకరకాల విదేశీ కర్రలు వస్తాయి, లోడుకు లోడుకూ మారతాయి. చవకగా గుమ్మాలు కావాలంటే వాడొచ్చు, కానీ అన్ని గుమ్మాలకూ ఒకే లోడులోంచి ఏరుకోండి, రెక్కలకు మాత్రం వద్దు. ఎర్రచందనం గుమ్మం గురించి ఎవరైనా చెవిలో చెబితే వినకండి. జిట్టేగి, అంటే రోజ్‌వుడ్, ఇప్పుడు గుమ్మాలకు కోసేంత మిగల్లేదు. ఉన్న నాలుగు చెట్లనూ అడవిలోనే ఉండనిద్దాం.

స్నానాలగది సంగతి ఒక్క వాక్యంలో: అక్కడ ఏ కర్రా వద్దు, గ్రానైట్ ఫ్రేము పెట్టి డబ్ల్యూపీసీ (కర్రపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసినది) తలుపు వేయించండి.

## ఎవరికి ఏది

సింహద్వారం ఒక్కదానికే కాస్త ఖర్చు పెట్టగలిగినవాళ్లు రెక్కకు సీపీ టేకు, గుమ్మానికి టేకు లేదా వేగిస తీసుకోండి. పడకగదులకు మద్ది గానీ వేప గానీ గుమ్మాలు, టేకు వెనీర్, అంటే పల్చటి టేకు పొర, అంటించిన ఫ్లష్ డోర్లు సరిపోతాయి. లోపలి తలుపులకు నిండు టేకు వేయడం నా దృష్టిలో వృథా. అక్కడ ఎండ లేదు, వాన లేదు. ఆ డబ్బు కిటికీ రెక్కలకు పెట్టండి, ఎండావానలు కాచేవి అవే.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరం ఊళ్లలో ఉప్పుగాలి, తేమ ఏడాదంతా ఉంటాయి. బయటివైపు రెక్కలకు చేవ టేకు తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు, బందులూ గొళ్లేలూ స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో వేయించండి. హైదరాబాద్, కరీంనగర్, అనంతపురం లాంటిచోట్ల చిక్కు వేరు. వేసవి గాలి కర్రను పీల్చేస్తుంది, ఆరని కర్ర రెండు నెలల్లో బయటపడుతుంది. అక్కడ జాతికన్నా తేమశాతం మీదే ఎక్కువ పట్టుబట్టాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తున్నవాళ్లకు ఒక మాట. మీ నాన్నగారిని అడితిలో ఒంటరిగా బేరానికి నిలబెట్టకండి, ఆయనకు నమ్మకమైన వడ్రంగిని తోడివ్వండి, ఆయన రోజుకూలి మీరివ్వండి. కర్ర చివరను వీడియోలో చూపించమనండి. వలయాలు, చేవ, తెలుపు అన్నీ కనిపించేది చివరలోనే. పునాదికి డబ్బు పంపినప్పుడే గుమ్మాల కర్రకూ పంపిస్తే, పైకప్పు పడేదాకా అది నీడలో ఆరుతూ ఉంటుంది.

సొంత పొలంలో చెట్లున్నవాళ్లు కొట్టేముందే ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు వెళ్లి, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతీ, తరలించడానికి పర్మిట్టూ ఏవి కావాలో కనుక్కోండి. చలికాలంలో కొట్టి, ఎండలు ముదిరేలోపే కోయించి నీడలో పేర్చండి.

## అడితిలో అరగంట

చివర్లకు ఎర్రరంగు పూసి ఉంటే పగుళ్లు రాకుండా పూశారేమో, పగుళ్లు దాచడానికీ పూసి ఉండొచ్చు. ఒక అంగుళం కోసి చూపించమని అడగండి. పలక నాలుగువైపులా తిప్పి చూడండి. తెలుపు ఒక మూలన వేలు వెడల్పుకు మించి ఉంటే ఆ ముక్క పక్కన పెట్టించండి. పాలిష్‌కు ముందే గేరు (ఎర్రమట్టి) రంగు పూసి తెలుపును చేవలా చూపించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. జేబులో చిన్న చాకు ఉంచుకుని అంచున గీకితే రంగు కింద తెల్లగా బయటపడుతుంది. పలకను ఒక చివర కన్ను పెట్టి తుపాకీ గురి చూసినట్టు చూస్తే వంకర తెలుస్తుంది. ముడి ఉంటే వేలితో కొట్టండి, వదులుగా ఉన్న ముడి ఎండాకాలంలో ఊడి చిల్లు పడుతుంది. బిల్లు మీద కర్ర పేరు, సైజులు, సీఎఫ్‌టీ రాయించుకోండి. "మిక్స్‌డ్ వుడ్" అని రాస్తానంటే వచ్చేయండి.

## పాత ఇంటి కర్ర

అడితికి వెళ్లేముందే ఆలోచించాల్సిన ఇంకొక దారి ఉంది. కూలుతున్న పాత ఇళ్ల దూలాలు, వాసాలు, గుమ్మాలు. యాభై అరవై ఏళ్లు పొయ్యి పొగకూ గాలికీ ఆరిన కర్ర, ఏ ప్లాంటూ అంత బాగా ఆరబెట్టలేదు. ధర కూడా కొత్తదానికన్నా తక్కువే.

ఇబ్బంది లేకపోలేదు. లోపల మేకులు, ఇనుపపట్టీలు ఉంటాయి, రంపం పళ్లు విరుగుతాయని సామిల్లు వాళ్లు ఒప్పుకోరు. అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతికి మేకులు పీకించాకే తీసుకెళ్లాలి. ఒకవైపు పుచ్చి ఉంటే ఆ భాగం కొట్టేయించాలి, పొడవు తగ్గుతుంది.

మా చెల్లెలి ఇంటికి అలాగే చేశాం. అమ్మమ్మ ఇల్లు పడగొట్టినప్పుడు వంటింటి మీది మద్ది దూలాన్ని నేను అడిగి తెచ్చుకున్నాను. పైన అంతా మసి, నలుపు. పదకొండు మేకులు పీకాం. సామిల్లులో రంపం దాని మధ్యలోంచి వెళ్లి రెండు పలకలూ విడిపోయినప్పుడు లోపల కర్ర ముదురు గోధుమరంగులో, నల్లటి గీతలతో, నిన్న కోసినట్టు ఉంది. తేమ మీటరు గుచ్చితే 11 చూపించింది. ఆ రెండు పలకలే ఇప్పుడు మా చెల్లెలి సింహద్వారానికి రెండు నిలువు కమ్ములు. రెక్క టేకుది. ఐదు వానాకాలాలు గడిచాయి, ఒక్క వేలితో తోస్తే తలుపు తెరుచుకుంటోంది.